వైజాగ్ కొత్తగా ఎల్తున్న మన సిక్కోలు, ఇజీనారం పిల్లలకి: ఊరు ఎలా తెలుసుకోవాలి, మనుషులు ఎలా దొరుకుతారు

జూన్, జూలై వచ్చేసరికి మన సిక్కోలు (శ్రీకాకుళం) నుంచీ ఇజీనారం (విజయనగరం) నుంచీ పిల్లలు వైజాగ్ బయల్దేరతారు, కొందరు కాలేజీకి, కొందరు కోచింగ్‌కి, ఇంకొందరు ఫార్మా కంపెనీలో పనికో ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికో బట్టల షాపులో సేల్స్‌కో. వాళ్ళలో చాలామంది అక్కడ రెండు మూడేళ్ళుండి కూడా రూమూ, కాలేజీ, ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్సూ తప్ప ఇంకేటీ చూడకుండానే వచ్చేస్తారు. శనివారం మధ్యాహ్నం అయితే చాలు నాన్‌స్టాప్ ఎక్కి ఊరొచ్చేయడం, సోమవారం తెల్లారుజామున మళ్ళీ బ్యాగు తగిలించుకుని పరిగెట్టడం. ఇంటి మీద బెంగ ఉంటుంది, ఉండాలి కూడా, కానీ అంత పెద్ద ఊళ్ళో అన్నాళ్ళుండి మనకంటూ ఒక్క మనిషి లేకుండా ఉండిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే ఉంటుంది. ఊరంతా ఒకేసారి చూసేద్దామని తిరక్కండి. నాలుగైదు చోట్లు ఎంచుకుని వాటికే మళ్ళీ మళ్ళీ ఎల్లండి, వీలైతే అదే రోజు, అదే టైముకి. కైలాసగిరి ఒకసారి ఎక్కి ఫొటో దిగితే కొండ చూసినట్టవుతుంది, మనుషులెవరూ పరిచయం అవ్వరు. అదే ఒక టీ కొట్టు దగ్గర రోజూ ఆరున్నరకి నిలబడితే కొన్నాళ్ళకి మీరు రాని రోజు ఆయనే అడుగుతాడు, నిన్న రాలేదేటి బాబూ అని. అక్కణ్ణించి ఊరు మొదలవుతుంది.

ముందు దిక్కులు తెలియాలి

ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అనుకోవద్దు, మ్యాప్ దారి చూపిస్తుంది గానీ ఊరు ఎటు నుంచి ఎటు పరుచుకుందో ఒంటికి తెలియాలి. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడండి. ఎడమ చేతి వైపు దూరంగా కైలాసగిరి, కుడి చేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనే హార్బర్, మీ వీపు వెనక ఊరు. ఊరికి అవతల వైపు మళ్ళీ సింహాచలం కొండలు. సముద్రానికీ కొండలకీ మధ్య ఉన్న జాగాలో ఊరు అడ్డంగా పెరగలేక పొడుగ్గా పెరిగింది, మధ్యలోంచి హైవే. మన సిక్కోలు బస్సు వచ్చేది కూడా ఆ హైవే మీదే, తగరపువలస, ఆనందపురం, మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, అవి దాటాక ఎన్‌ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం. ఈ వరస నోటికి వచ్చేస్తే ఎవరు ఏ పేరు చెప్పినా అది ముందా వెనకా అన్నది తెలిసిపోతుంది, సగం భయం అక్కడే పోతుంది.

కొత్తోళ్ళందరూ కాంప్లెక్స్ దాకా వచ్చేసి అక్కణ్ణించి మళ్ళీ ఆటోకి డబ్బులు పెడతారు. మీ రూము ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, యూనివర్సిటీ వైపు అయితే మద్దిలపాలెంలోనే దిగిపోండి. ఆరిలోవ, విమ్స్ ఆస్పత్రి వైపు అయితే హనుమంతవాక. రైల్లో వచ్చేవాళ్ళు, ఆమదాలవలసలో ఎక్కినా ఇజీనారంలో ఎక్కినా, గోపాలపట్నం వైపు రూము ఉంటే సింహాచలం స్టేషన్‌లో దిగండి, ఆ స్టేషన్ ఉన్నది గోపాలపట్నంలోనే, పాసింజర్ అక్కడ ఆగుతుంది. గాజువాక, స్టీల్ ప్లాంట్ వైపు అయితే దువ్వాడ దగ్గర. కొన్ని రైళ్ళు వైజాగ్ మెయిన్ స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీదుగానే ఎల్లిపోతాయి, టికెట్ తీసేటప్పుడు ఒకసారి చూసుకోండి.

తర్వాత ఒక ఆదివారం సిటీ బస్సు ఎక్కి చివరి స్టాపు దాకా ఎల్లండి, పనేటీ లేకుండా. 900కె ఎక్కితే రైల్వే స్టేషన్ నుంచి ఋషికొండ మీదుగా భీమిలి దాకా తీసుకెల్తుంది, కిటికీ పక్క సీటు దొరికితే సముద్రం మీతో పాటే వస్తుంది. దారిలో తొట్లకొండ, బావికొండ, మన శాలిహుండంలాగే పాతకాలం బౌద్ధుల ఆరామాలు. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. ఇంకో ఆదివారం 222 ఎక్కండి, అది తగరపువలస వైపు, హైవే మీద ఊరు ఎలా పెరుగుతోందో కనిపిస్తుంది. ఆడపిల్లలకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉంది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే టికెట్‌కి డబ్బులక్కర్లేదు. అంటే ఊరంతా తిరగడానికి మీకు అయ్యే ఖర్చు సున్నా, వాడుకోండి. నాన్‌స్టాప్‌లకి మాత్రం అది వర్తించదు.

బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి. ఇది చాదస్తంలా అనిపిస్తుంది గానీ, కండక్టరు పిలిచే స్టాపుల పేర్లు, పక్కన కూర్చున్న ఆవిడ ఫోన్‌లో కూతురికి చెప్పే కూర, వెనక సీట్లో పిల్లలు లెక్చరర్‌ని అనుకరించడం, ఇవన్నీ వింటుంటేనే ఊరు చెవికి అలవాటవుతుంది.

టిఫిన్ కొట్టు, రైతుబజారు, లైబ్రరీ

మీ రూముకి నడిచెల్లే దూరంలో ఉన్న చిన్న టిఫిన్ కొట్టు ఒకటి పట్టుకోండి, యాప్‌లో ఆర్డర్ పెట్టడం మానండి. పెద్ద హోటల్ వద్దు, పెనం ముందు మనిషి మీకు కనిపించాలి. పొద్దున్నే ఎల్లండి, రద్దీ కొంచెం తగ్గాక, ఎందుకంటే రద్దీలో ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. మొదటి వారం ఏటీ మాట్లాడక్కర్లేదు, తిని, బాగుందండీ అని చెప్పి, డబ్బులిచ్చి వచ్చేయండి. రెండో వారం మీరు అడక్కుండానే ఇంకాస్త బొంబాయి చట్నీ పడుతుంది. అప్పుడు అడగండి, మీదేవూరండీ అని. నేను చెప్తున్నాను చూడండి, ఆయన టెక్కలి అనో పాలకొండ అనో చీపురుపల్లి అనో గజపతినగరం అనో అనడానికి చాలా అవకాశం ఉంది. వైజాగ్‌లో పునాదులు తవ్వినవాళ్ళు, అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మెన్‌లు, హోటళ్ళలో వంటవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, వీళ్ళలో మన రెండు జిల్లాల వాళ్ళు ఎంతమందో. మీరు కొత్త ఊరు అనుకుని భయపడుతున్న చోట మీకంటే ముప్ఫై ఏళ్ళ ముందే మీ పక్క మండలం వాళ్ళొచ్చి కూర్చున్నారు.

వేసవిలో అయితే చోడి (రాగి) అంబలి బండి. ఉల్లిపాయ, మిరపకాయ నంజుకుంటూ అక్కడ నిలబడి తాగేవాళ్ళలో కూలీలుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు, పోలీసులుంటారు, అందరూ పక్కపక్కనే నిలబడతారు కాబట్టి మాట కలపడం చాలా తేలిక. ఎండ గురించి మొదలెట్టండి చాలు.

రైతుబజారు సంగతి. మన రాష్ట్రంలో ఇవి 1999లో మొదలయ్యాయి, వైజాగ్‌లో ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, కంచరపాలెంలో, ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. వారానికోసారి ఒకే రోజు ఎల్లి ఒకరి దగ్గరే ఆకుకూర కొనండి. రూపాయి రెండు రూపాయల కోసం నాలుగు కొట్లు తిరక్కండి, ఒకే చోట కొనడం వల్ల మీకొచ్చేది ఆ రెండు రూపాయల కంటే చాలా ఎక్కువ. ఈ వారం ఏ ఊరి నుంచి కూరలు రాలేదు, వాన ఎక్కడ పడింది, పనస ఎప్పుడు దిగుతుంది, ఇవన్నీ ఆవిడ చెప్తుంది. వంట రాకపోతే అడిగి నేర్చుకోండి. బజార్లో కూరలమ్మే ఆవిడ దగ్గర వంకాయ కూర నేర్చుకున్న కుర్రాళ్ళు నాకు తెలుసు, రెసిపీతో పాటు చీవాట్లు కూడా తిన్నారు, అమ్మ దగ్గర లేనప్పుడు అవి కూడా కావాల్సిందే.

చదువుకునేవాళ్ళకి ద్వారకానగర్‌లో విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీ ఉంది. పొద్దున్నుంచి రాత్రి దాకా పోటీ పరీక్షల పిల్లలు అక్కడే. రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చోండి. పెన్ను అడగడంతో మొదలైన స్నేహం నోట్సు ఇచ్చిపుచ్చుకోవడం దాకా, చివరికి కలిసి రూము తీసుకోవడం దాకా పోతుంది. అక్కడే పెద్దాయనలు కొందరు పొద్దున్నే పేపర్లకి వస్తారు, రిటైరైన మాస్టార్లు, బ్యాంకువాళ్ళు, పోర్టులో చేసినవాళ్ళు. వాళ్ళకి మాట్లాడ్డానికి మనిషి కావాలి, మీకు ఊరి గురించి చెప్పేవాళ్ళు కావాలి, ఇంతకంటే మంచి జత నాకు కనిపించలేదు. సాయంత్రం పూట నాటకమో సంగీతమో ఉంటే సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం వైపు ఎల్లండి. ఇజీనారం గురజాడ అప్పారావు గారి పేరే అది, లోపలికి ఎల్లడానికి మొహమాటం ఎందుకు.

మాట ఎలా కలపాలి

మన యాస గురించి ముందు. కొత్తలో చాలామంది యాస దాచేసుకుని టీవీలో మాట్లాడినట్టు మాట్లాడాలని చూస్తారు. ఒకరిద్దరు నవ్వుతారు, నిజమే, నవ్వేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కానీ కంచరపాలెంలో, జ్ఞానాపురంలో, గాజువాకలో, జాలారిపేటలో మాట్లాడేది ఇంచుమించు మన మాటే. మీరు యాస దాచేస్తే మీ వాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టలేరు. ఆఫీసులో, ఇంటర్వ్యూలో ఎలాగూ వేరేగా మాట్లాడతారు, బజార్లో మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి.

పెద్దవాళ్ళకి అండీ, బాబూ, అమ్మా. కొంచెం పెద్ద వయసు అయితే అన్నా, అక్కా. ఆటో అన్నని, వాచ్‌మెన్‌ని, స్విగ్గీ కుర్రాణ్ణి ఏయ్ అని పిలిచేవాళ్ళని చూస్తుంటాం, అది మాత్రం నేర్చుకోకండి. వాచ్‌మెన్ పేరు తెలుసుకుని పేరు పక్కన గారూ అనో అన్నా అనో చేర్చండి, అపార్ట్‌మెంట్‌లో మీ గౌరవం ఏమీ తగ్గదు.

ఊరు అడగొచ్చు, మండలం అడగొచ్చు, ఏ పంట ఏస్తారు అని అడగొచ్చు. కులం మాత్రం అడక్కండి, ఇంటిపేరు అడిగి చుట్టూ తిరిగి రావడం కూడా అదే పని. రూము కోసం తిరిగేటప్పుడు మిమ్మల్ని అడిగేవాళ్ళు ఉంటారు, అలాంటి ఇల్లు దొరక్కపోయినా పర్వాలేదు అనుకుని ముందుకి ఎల్లండి, మంచి ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఏం మాట్లాడాలో తోచకపోతే తుఫాను గురించి అడగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వైజాగ్‌ని పీకి పెట్టింది, ఆరోజు ఊళ్ళో ఉన్న ప్రతి మనిషి దగ్గరా ఒక కథ ఉంది. కిటికీ అద్దాలు ఎలా పగిలాయి, కరెంటు ఎన్నాళ్ళు లేదు, నీళ్ళ కోసం ఎంత దూరం ఎల్లారు, పక్కింటివాళ్ళతో అప్పటిదాకా మాట్లాడనివాళ్ళు ఎలా కలిసి వండుకున్నారు. అడిగితే చాలు, గంట మాట్లాడతారు. వాళ్ళది విన్నాక మనది చెప్పండి, 2018 అక్టోబర్ 11న తిత్లీ మన ఉద్దానంలో కొబ్బరి చెట్లనీ జీడి తోటలనీ ఎలా పడుకోబెట్టేసిందో, ఒక్క రాత్రిలో తాతల నాటి తోట పోతే ఆ ఇంట్లో ఏం జరిగిందో. వైజాగ్‌లో పుట్టి పెరిగిన చాలామందికి అది వార్తగా తెలుసు, మీ నోటి నుంచి వింటే వేరేగా ఉంటుంది. కష్టం ఒకరికొకరు చెప్పుకున్నాక మళ్ళీ కొత్తోళ్ళలా ఉండలేరు.

పాత ఊరు, హార్బర్

వైజాగ్ అంటే బీచ్ రోడ్డు ఒక్కటే అనుకుంటే సగం ఊరు పోయినట్టే. జగదాంబ జంక్షన్ నుంచి కిందకి, పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, వన్ టౌన్, అటు పాత పోస్టాఫీసు దాకా నడవండి. ఎండ ముదరకముందు, తొమ్మిది లోపే. సందులు ఇరుకు, బండి తీసుకెల్లొద్దు. కురుపాం పేరు వినగానే మన మన్యం వైపు ఊరు గుర్తొస్తుంది కదా, ఇలా మన పేర్లు ఇక్కడ అడుగడుగునా తగులుతాయి. సింహాచలం దేవస్థానానికి అనువంశిక ధర్మకర్తలు ఇజీనారం పూసపాటివాళ్ళే.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. అమ్మవారి మీద కప్పు ఉండదు, ఆకాశం కిందే ఉంటుంది, ఎవరైనా స్వయంగా పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసం గురువారాల్లో క్యూ చాలా పొడుగు, మన జిల్లాల నుంచి కూడా బస్సులు కట్టుకుని వస్తారు, ఆ క్యూలో ముందూ వెనకా ఉన్నవాళ్ళతో రెండు మూడు గంటలు గడుస్తాయి కాబట్టి పరిచయాలు వాటంతట అవే అవుతాయి. ఆ దగ్గర్లోనే హార్బర్ కాలువ పక్కన మూడు కొండలు వరసగా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, రాస్ హిల్ మీద చర్చి. మూడూ ఒకే పూట ఎక్కండి. పైనుంచి ఓడలు లోపలికి రావడం కనిపిస్తుంది, 1933లో పోర్టు తెరిచినప్పటి నుంచీ ఈ ఊరు తిండి తినేది ఆ కాలువ మీదే అని అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

ఫిషింగ్ హార్బర్‌కి మాత్రం తెల్లారకముందే ఎల్లాలి. బోట్లు వచ్చి, చేప దిగి, వేలం జరిగే టైము అదే, ఎండొచ్చేసరికి సందడి తగ్గిపోతుంది. పాత చెప్పులు ఏసుకోండి, దారికి అడ్డంగా నిలబడకండి, తట్టలు మోసేవాళ్ళు పరుగు మీద ఉంటారు. ఫోన్ తీసి ఫొటోలు కొట్టడం మొదలెట్టకండి, ముందు అడగండి, అడిగితే వాళ్ళే పెద్ద కోనాం చేప ఎత్తి పట్టుకుని నిలబడతారు. భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు నుంచి వచ్చి ఇక్కడ బోట్ల మీద చేసేవాళ్ళు ఉన్నారు, గుజరాత్‌లో వెరావల్ దాకా ఎల్లి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులు నీడన కూర్చుంటారు, నిజానికి వాళ్ళతో తీరిగ్గా మాట్లాడాలంటే అదే సమయం. 2023 నవంబర్‌లో మంటలొచ్చి బోట్లు కాలిపోయిన రాత్రి గురించి చెప్తారు, అప్పు ఎలా తీర్చుకున్నారో చెప్తారు. చెప్తున్నప్పుడు వినండి, మధ్యలో సలహాలు ఇవ్వొద్దు.

గాజువాక వైపు, ఇంకా మన భాష కానివాళ్ళు

గాజువాక, మల్కాపురం, సింధియా వైపు ఎల్లకుండా ఎవరైనా వైజాగ్ తెలుసు అంటే నేను ఒప్పుకోను. ఓడలు కట్టే యార్డుని 1941లో సింధియా కంపెనీ మొదలెట్టింది, అందుకే ఆ చోటుకి ఆ పేరు, స్వతంత్రం వచ్చాక కట్టిన మొదటి పెద్ద ఓడ జల ఉష 1948లో ఇక్కడే నీళ్ళలోకి దిగింది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ప్లాంట్ కోసం ఊళ్ళు ఖాళీ చేసి వచ్చిన కుటుంబాలు గాజువాక చుట్టుపక్కల కాలనీల్లో ఉన్నాయి, ఆర్ కార్డు (అలా ఊళ్ళు వదిలినవాళ్ళకి ఇచ్చిన కార్డు) అన్న మాట ఎత్తితే అక్కడ పెద్దవాళ్ళ మొహం మారుతుంది. ఆ కథ వాళ్ళ నోటి వెంట వినాలి. టీ కొట్టు దగ్గర సాయంత్రం షిఫ్టు దిగాక కూర్చోండి, ప్లాంట్‌లో చేసేవాళ్ళు, కాంట్రాక్టు పనివాళ్ళు, రిటైరైనవాళ్ళు అందరూ ఒకే బల్ల మీద ఉంటారు.

ఇంకొకటి, ఈ ఊళ్ళో తెలుగు రానివాళ్ళు చాలామంది. తూర్పు నౌకాదళం ఇక్కడే కాబట్టి దేశంలో అన్ని మూలల నుంచీ నేవీ కుటుంబాలు ఉంటాయి, ఒడియావాళ్ళు, బెంగాలీలు, మార్వాడీలు, పంజాబీలు. ఇచ్ఛాపురం, మందస వైపు పిల్లలకి ఒడియా కొంచెమైనా వస్తుంది, దాన్ని దాచుకోకండి, కేజీహెచ్ పెద్దాస్పత్రిలోనూ స్టేషన్‌లోనూ దారి తెలియక నిలబడ్డ ఒడియా కుటుంబానికి మీరు రెండు మాటలు మాట్లాడితే ఎంత ధైర్యమో. హిందీ తప్పులతోనే మాట్లాడేయండి. డిసెంబర్ 4 నేవీ డే. నేవీవాళ్ళు ఆర్కే బీచ్‌లో విన్యాసాలు చేసినప్పుడు జనం లక్షల్లో వస్తారు, ఎదురింటి నేవీ ఆంటీని ముందు రోజు అడిగితే ఎక్కడ నిలబడాలో చెప్తుంది.

కేజీహెచ్ గేటు దగ్గర

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. కింగ్ జార్జ్ ఆస్పత్రి 1923 నుంచీ ఉంది, మన మూడు నాలుగు జిల్లాల పేదోళ్ళకి పెద్ద దిక్కు. పలాసలో 2023లో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, అయినా ఉద్దానం నుంచి, మన్యం నుంచి, గుండెకీ కాన్పుకీ యాక్సిడెంటుకీ ఇంకా ఇక్కడికే వస్తారు. ఓపీ చీటీ ఎక్కడ, స్కాన్ ఏ బిల్డింగ్‌లో, రక్తం ఎక్కడ దొరుకుతుంది, ఏదీ తెలియక గేటు దగ్గర గోనెసంచి పట్టుకుని నిలబడిన మన ఊరి ముసలాళ్ళు ప్రతి రోజూ కనిపిస్తారు.

మీకు నెలకి ఒక్క పొద్దు ఖాళీ ఉంటే అక్కడికి ఎల్లండి. పెద్ద సేవ చేయక్కర్లేదు. ముందు ఒకసారి మీరే తిరిగి ఏ బ్లాకు ఎక్కడుందో చూసుకోండి, తర్వాత ఎవరైనా తికమకపడుతుంటే పక్కన నడవండి, చీటీ చదివి పెట్టండి, ఇంటికి ఫోన్ కలిపివ్వండి. మందులు, జబ్బు గురించి మీరేమీ చెప్పొద్దు, అది డాక్టర్ల పని. డబ్బులు చేతిలో పెట్టుకోవద్దు, ఎవరి దగ్గరా తీసుకోవద్దు. పద్దెనిమిది దాటి ఆరోగ్యంగా ఉంటే బ్లడ్ బ్యాంకులో రక్తం ఇవ్వండి. మీ గ్రూపు మీ స్నేహితులందరికీ తెలిసేలా ఉంచండి, ఏ అర్ధరాత్రో ఫోన్ వస్తుంది. అలా ఎల్లినవాళ్ళకి ఊళ్ళో ఎంతమంది దగ్గరవుతారంటే, నర్సమ్మలు, అంబులెన్సు డ్రైవర్లు, బయట భోజనం పంచేవాళ్ళు, మందుల షాపు కుర్రాళ్ళు, అందరూ పేరు పెట్టి పిలుస్తారు. రేపు మీ ఇంట్లోవాళ్ళకి అవసరమైతే ఎక్కడికి పరిగెట్టాలో కూడా తెలిసి ఉంటుంది.

గిరి ప్రదక్షిణ

ఊరంతా ఒకే రాత్రి చూడాలంటే మాత్రం ఒక దారి ఉంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, కాలినడకన. ముందు రోజు మధ్యాహ్నం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం, మళ్ళీ సింహాచలం. కొండ చుట్టూ తిరుగుతున్నాం అంటాం గానీ ఊరి చుట్టూ కూడా తిరుగుతున్నట్టే. దారి పొడుగునా ఇళ్ళవాళ్ళు వీధిలో బల్లలేసి మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర, టీ ఇస్తారు, కాళ్ళకి రాసుకోడానికి నొప్పుల మందు కూడా ఇస్తారు. మొదటి ఏడాది నడవండి. రెండో ఏడాది మీ వీధిలోవాళ్ళు బల్ల ఏస్తారు కదా, వాళ్ళతో కలిసి నీళ్ళు పొయ్యండి, రాత్రంతా గ్లాసులు అందిస్తూ పక్కపక్కన నిలబడిన మనుషులు తెల్లారేసరికి మీ వాళ్ళయిపోతారు. వాన పడుతుంది, పల్చటి రెయిన్‌కోటు ఒకటి పెట్టుకోండి, కొత్త చెప్పులు వద్దు. సగంలో ఆగిపోయినా ఫర్వాలేదు, బస్సు ఉంటుంది. దేవుడి మీద నమ్మకం లేకపోయినా నీళ్ళ బల్ల దగ్గర ఎవరూ అడగరు.

కొన్ని జాగ్రత్తలు

సముద్రంలో దిగొద్దు. ఆర్కే బీచ్‌లో కూడా, యారాడలో కూడా, లోపలికి లాగే నీరు ఉంటుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా పోయారు, పండగ రోజుల్లో పుట్టినరోజుల్లో మన జిల్లాల పిల్లలు పోవడం పేపర్లో చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ తినండి, చాలు. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అనే ఏ కన్సల్టెన్సీకీ రూపాయి ఇవ్వొద్దు. రూముకి అడ్వాన్స్ ఇచ్చే ముందు తిరిగి ఎంత ఇస్తారో కాయితం మీద రాయించుకోండి. ఆటో ఎక్కే ముందే ఎంత అని అడగండి. ఆడపిల్లలు కొత్తవాళ్ళని మొదట్లో నలుగురున్న చోటే కలవండి, తోడు ఒకరికి ఎక్కడున్నారో చెప్పి ఎల్లండి, ఇబ్బంది అనిపిస్తే 112. స్నేహం కలిసిన మొదటి నెలలోనే అప్పు అడిగేవాళ్ళకి మెత్తగా లేదని చెప్పేయండి.

వాళ్ళని మన ఊరు పిలవండి

అవతలివాళ్ళ ఇంట్లో తిని, వాళ్ళ పండక్కి ఎల్లి, వాళ్ళని మాత్రం ఎప్పుడూ మన ఊరు పిలవకపోతే ఆ పరిచయం అక్కడే ఆగిపోతుంది. ఊరెల్లి వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ రాకండి, పలాస జీడిపప్పు వంద గ్రాములో, మందస కోవానో, ఇంట్లో పనస కాస్తే పనసపొట్టో, ఓనర్ ఆంటీకీ టిఫిన్ కొట్టు అన్నకీ తలా కాస్త. రథసప్తమికి అరసవల్లి తీసుకురండి. అన్నిటికంటే ఇజీనారం సిరిమానుకి పిలవండి, విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి పండగ, పొడవాటి మాను చివర పూజారి కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతారు. వైజాగ్ నుంచి గంటన్నర ప్రయాణం, అయినా అక్కడ పుట్టి ఒక్కసారి కూడా చూడనివాళ్ళు ఎంతోమంది.

సిరిమాను కదిలేది మధ్యాహ్నం దాటాకే గానీ పొద్దున్నే బయల్దేరి రమ్మనండి, ఆ రోజు ఊళ్ళోకి బండ్లు రానివ్వరు, బస్సులు దూరంగా ఆపేస్తారు, నడవాలి. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర తోపులాట ఎక్కువ, కాబట్టి పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే ఎవరిదైనా మేడ ముందే మాట్లాడి పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనే పెట్టండి, హోటల్‌కి తీసుకెల్లకండి. ఎంతమంది వస్తున్నారో అమ్మకి ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి.